సారు చదువు ఖర్చు ఎవరిది?

ఏపీ అన్న రెండక్షరాలు వినబడితే మనకు ఒక్క అర్థమే తోస్తుంది. దశాబ్దాల తరబడి ఆ పేరుతో కొట్లాడినోళ్లం, అంత తొందరగా మరిచిపోయే ముచ్చట కాదు. కానీ టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ మన వాళ్ల ఇండ్లలో ఆ రెండక్షరాలకు అర్థం వేరు. అక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. పిల్లలు హైస్కూల్లో ఉండగానే కాలేజీ మొదటి సంవత్సరం స్థాయి పాఠం చదువుతారు. మే నెలలో పరీక్ష రాస్తారు. ఒకటి నుంచి ఐదు దాకా స్కోరు వేస్తారు. మూడు వస్తే గట్టెక్కినట్టు, నాలుగైదు వస్తే ఇంకా మంచిది. చాలా కాలేజీలు ఆ సబ్జెక్టును చదివేసినట్టే లెక్క కడతాయి. తల్లిదండ్రులకు ఫీజు మిగులుతుంది, పిల్లలకు కాలం మిగులుతుంది. అందుకే అక్కడ నలుగురు తెలుగోళ్లు కలిస్తే, మీ పిల్లగాడు ఎన్ని ఏపీలు తీసుకున్నడు అన్న ప్రశ్న రాకుండా ముచ్చట ముగియదు.

మేము ఈ వారం మాట్లాడదలచుకున్నది ఆ పిల్లల గురించి కాదు, వాళ్లకు పాఠం చెప్పే సారు గురించి. కాలేజీ స్థాయి పాఠం హైస్కూల్లో చెప్పాలంటే సారుకు ఆ స్థాయి పట్టు ఉండాలి గదా. ఆ పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరు నేర్పుతారు? దానికయ్యే పైసలు ఎవరు పెట్టుకుంటారు? ప్రశ్నలు చిన్నవే. జవాబులు వెతుకుతూ పోతే చదువులో వాటా ఎవరికి దక్కుతోంది, ఎవరికి దక్కడం లేదు అన్న పెద్ద సంగతి బయటపడుతుంది. అది అమెరికాకు ఎంత వర్తిస్తుందో మనకూ అంతే వర్తిస్తుంది.

ముందు అక్కడి ఏర్పాటు చూద్దాం. ఏటా జూన్, జూలై నెలల్లో అమెరికా యూనివర్సిటీల్లో ఏపీ సమ్మర్ ఇన్‌స్టిట్యూట్ల పేరుతో హైస్కూల్ టీచర్లకు శిక్షణ తరగతులు నడుస్తాయి. నాలుగైదు రోజులు, మొత్తం 30 గంటల పాఠం. కరోనా తర్వాత ఆన్‌లైన్లోనూ నడుపుతున్నారు. నేర్పేవాళ్లు ఎక్కువమంది అదే సబ్జెక్టును ఏండ్ల తరబడి చెప్పిన అనుభవమున్న టీచర్లే. ఇది ఉపన్యాసాల సభ కాదు. కాల్‌క్యులస్ టీచరైతే పాత ప్రశ్నపత్రం ముందేసుకుని కూర్చుంటాడు. రాత ప్రశ్నలు ఆరు, ఒక్కోదానికి 9 పాయింట్లు. నిజమైన విద్యార్థుల జవాబులు చేతికిచ్చి దిద్దమంటారు. జవాబు సరిగ్గా ఉండి కారణం రాయకపోతే ఎన్ని పాయింట్లు పోతాయి, లెక్క మధ్యలో తప్పినా ఆలోచన సరిగ్గా ఉంటే ఎన్ని దక్కుతాయి అని నలుగురూ కూర్చుని వాదించుకుంటారు. చరిత్ర టీచరైతే ఏడు పాత పత్రాలు ముందు పెట్టుకుని, వాటి ఆధారంగా విద్యార్థి చేత వాదన ఎట్లా రాయించాలో తానే రాసి చూస్తాడు. సైన్స్ టీచర్లు ప్రయోగాలు తామే చేస్తారు. అంటే సారు వారం రోజులు మళ్లీ విద్యార్థి అవుతాడు. పిల్లలు ఎక్కడ తడబడతారో తాను తడబడి తెలుసుకుంటాడు. శిక్షణ అంటే ఇదీ!

ఈ ఏపీ పుట్టుక చూస్తే మాత్రం అది పేదోని బడిలో పుట్టింది కాదు. 1950ల మొదట్లో ఫోర్డ్ ఫౌండేషన్ ఏర్పాటు చేసిన నిధి డబ్బుతో, ఆండోవర్, ఎక్సెటర్, లారెన్స్‌విల్ అనే మూడు పెద్దింటి ప్రైవేటు బడులు, హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్ యూనివర్సిటీలు కలిసి ఆలోచన చేశాయి. తెలివైన పిల్లలు ఒకే పాఠాన్ని బడిలో ఒకసారి, కాలేజీలో ఇంకోసారి ఎందుకు చదవాలన్నది వాళ్ల ప్రశ్న. తర్వాత కాలేజీ బోర్డు ఆ పనిని తన చేతుల్లోకి తీసుకుంది. 1956లో పరీక్ష రాసింది 104 బడుల నుంచి 1,229 మంది. ఇయ్యాల ఏటా హైస్కూలు దాటే పబ్లిక్ బడుల పిల్లల్లో 12 లక్షల మంది దాకా కనీసం ఒక్క ఏపీ పరీక్షైనా రాసినవాళ్లే. నల్లజాతి పిల్లలకు, లాటినో పిల్లలకు, పేదల పిల్లలకు ఈ తలుపు తెరవాలని దశాబ్దాల పోరాటం జరిగింది. తలుపు చాలావరకు తెరుచుకుంది. మంచిదే.

కానీ తలుపు తెరవడం వేరు, లోపల కూర్చోబెట్టి అన్నం పెట్టడం వేరు. ఏపీ పేరు పెట్టుకుని పాఠం చెప్పాలంటే టీచరు తన సిలబస్‌ను కాలేజీ బోర్డుకు పంపి ఆమోదం తెచ్చుకోవాలి. 2007-08 విద్యా సంవత్సరం నుంచి ఆ తనిఖీ ఉంది. చాలా కోర్సులకు శిక్షణ మాత్రం తప్పనిసరి కాదు. తీసుకుంటే మంచిదని గట్టిగా చెబుతారు, అంతే. వారం శిక్షణకు ఫీజు వందల డాలర్లు, ఒక్కోచోట వెయ్యికి అటూఇటూ. ప్రయాణం, బస ఖర్చు అదనం. డబ్బున్న జిల్లా అయితే తన టీచర్లను ఏటా పంపుతుంది. డబ్బులేని జిల్లా టీచరు తన జేబులోంచి పెట్టుకోవాలి, లేదంటే వాయిదా వేసుకోవాలి. అమెరికాలో చాలామంది టీచర్ల జీతం పది నెలల పనికి లెక్కగట్టిందే. ఎండాకాలం ఇంకో పని చేసుకుని ఇల్లు నెట్టుకొచ్చే టీచర్లు ఎంతోమంది. అటువంటి టీచరుకు శిక్షణ వారమంటే ఫీజు ఖర్చు ఒకటి, పోగొట్టుకున్న కూలి ఇంకొకటి.

కాలేజీ బోర్డు పేద పిల్లలున్న బడుల టీచర్లకు కొన్ని స్కాలర్‌షిప్పులు ఇస్తున్న మాట నిజమే. కానీ పేరుకు లాభాపేక్ష లేని ఆ సంస్థ కొన్ని యేండ్లలో వంద కోట్ల డాలర్లకు మించి రాబడి చూసింది. ఒక్కో పరీక్షకు 2025లో 99 డాలర్లు వసూలు చేసింది. పేద పిల్లల పరీక్ష ఫీజుకు కేంద్ర ప్రభుత్వం విడిగా ఇస్తున్న సాయాన్ని 2015లో వచ్చిన విద్యా చట్టం వేరే పద్దులతో కలిపి ఒకే మూటగా కట్టింది. ఆ మూటలోంచి దేనికి ఎంత తీయాలన్నది రాష్ట్రాల, జిల్లాల ఇష్టం. పద్దులు కలిపితే ఎవరి వాటా ముందు మాయమైతదో మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఫలితం ఏమిటి? ఒక బడి బోర్డు మీద ఏపీ ఫిజిక్స్ అని ఉంటుంది, ఇంకో బడి బోర్డు మీదా అదే పేరు ఉంటుంది. మొదటి బడి టీచరు నాలుగు ఎండాకాలాలు శిక్షణ పొంది వచ్చాడు. రెండో బడి టీచరుకు బడి తెరిచే వారం ముందు, ఈ యేడు ఈ క్లాసు నీదే అని చెప్పారు. మే నెలలో పరీక్ష మాత్రం ఇద్దరి పిల్లలకూ ఒకటే. తక్కువ స్కోరు వచ్చిన పిల్లలకు తెలివి లేదనుకుంటాం. పిల్లల తెలివికి ఏమైంది? వాళ్ల సారుకు అందాల్సింది అందలేదు.

ఇక్కడ హైమె ఎస్కలాంటె ముచ్చట చెప్పుకోవాలి. బొలీవియా నుంచి వలస వచ్చిన ఈ లెక్కల సారు తూర్పు లాస్ ఏంజిలస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్లో కూలీల, వలస కుటుంబాల పిల్లలకు కాల్‌క్యులస్ చెప్పాడు. 1982లో 18 మంది పరీక్ష పాసయ్యారు. వాళ్లలో 14 మంది కాపీ కొట్టారని పరీక్ష సంస్థ అనుమానపడ్డది. పన్నెండు మంది మళ్లీ రాసి మళ్లీ పాసయ్యారు. పేదోని పిల్లలకు మార్కులొస్తే ముందు అనుమానమే వస్తుందన్నది ఏ దేశమైనా ఒకటే తీరు! 1988లో ఈ కథ సినిమా అయింది. సినిమాలో చూస్తే ఒక్క మొండి సారు ఒక్క యేడాదిలో అద్భుతం చేసినట్టు కనబడుతుంది. నిజం అది కాదు. వెనుక ఏండ్ల పని ఉంది. కింది తరగతుల లెక్కలు గట్టిపరచాడు. ఎండాకాలం పక్కనే ఉన్న కాలేజీలో తరగతులు పెట్టించాడు. వెన్నంటి నిలిచిన ప్రిన్సిపాల్ ఉన్నాడు. 1987 నాటికి ఆ ఒక్క బడి నుంచి కాల్‌క్యులస్ రెండు స్థాయిల్లో కలిపి 85 మంది పాసయ్యారు. 1991లో ఎస్కలాంటె ఆ బడి వదిలిపోయాక పాసయ్యేవాళ్ల సంఖ్య పడిపోయింది. ఒక్క మనిషి భుజాల మీద నిలబెట్టిన చదువు ఆ మనిషితోనే పోతుంది. చప్పట్లు కొట్టి సన్మానాలు చేసే సర్కార్లు నేర్చుకోవాల్సిన పాఠం ఇదే. మంచి సారును పొగడటం తేలిక. వందమంది మంచి సార్లను తయారుచేసే ఏర్పాటుకు పైసలు తీయడమే కష్టం.

ఆ ఏర్పాటు పెడితే ఏమవుతుందో టెక్సాస్ చూపించింది. 1990ల నడుమ నుంచి డల్లాస్ ప్రాంతంలో పేద, నల్లజాతి, లాటినో పిల్లలు ఎక్కువగా ఉన్న బడుల్లో ఒక కార్యక్రమం మొదలైంది. పాసైన ఒక్కో పరీక్షకు పిల్లలకూ, టీచర్లకూ 100 నుంచి 500 డాలర్ల దాకా ఇచ్చారు. పత్రికలు ఆ డబ్బు ముచ్చటే రాసుకున్నాయి. కానీ అందులో ఇంకో భాగం ఉంది. టీచర్లకు ఏపీ శిక్షణ ఇప్పించారు. కింది తరగతుల టీచర్లను పై తరగతుల టీచర్లతో కలిపి ఒక జట్టుగా కూర్చోబెట్టారు. ఏడో తరగతిలో ఏమి చెబితే పన్నెండో తరగతిలో కాల్‌క్యులస్ అందుతుందో కలిసి రాసుకున్నారు. ఆర్థికవేత్త కిరాబో జాక్సన్ 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ బడుల్లో ఏపీ చదివేవాళ్లు పెరిగారు, కాలేజీ ప్రవేశ పరీక్షల్లో మంచి స్కోర్లు తెచ్చుకున్నవాళ్లు పెరిగారు, కాలేజీలో చేరినవాళ్లూ పెరిగారు. అంటే పిల్లలు ముందునుంచీ తెలివైనవాళ్లే. వాళ్ల కాడికి చదువు నడిచిపోలేదు, అంతే తేడా.

శిక్షణలో ఇంకో కోణం కూడా ఉంది. సారుకు ఏది నేర్పాలన్నది ఎవరు నిర్ణయిస్తారు? కాలేజీ బోర్డు 2022లో ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ అనే కొత్త ఏపీ కోర్సును 60 బడుల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. నల్లజాతి మనుషుల చరిత్ర, సాహిత్యం, ఉద్యమాలు అందులో పాఠాలు. ఆ చరిత్రను తాము చదువుకున్న రోజుల్లో పాఠంగా వినని టీచర్లు ఎంతోమంది. వాళ్లకు ఎండాకాలం శిక్షణే ఆ పాఠానికి తొలి తరగతి అయింది. 2023 జనవరిలో ఫ్లోరిడా రాష్ట్రం ఆ కోర్సు మా బడుల్లో వద్దు పొమ్మంది. అదే యేడాది ఆగస్టులో ఆర్కన్సా రాష్ట్రం, ఆ కోర్సు చదివినా గ్రాడ్యుయేషన్ లెక్కలోకి రాదని బడులు తెరిచే ముంగట చెప్పింది. ఆ కోర్సు పెట్టుకున్న బడుల్లో లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూలు ఒకటి. 1957లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలను లోపలికి పంపడానికి సైన్యం కాపలా కాయాల్సి వచ్చిన బడి అది. రాష్ట్రం ఏమన్నా సరే, పాఠం ఆపబోమని అక్కడ తీర్మానించుకున్నారు. 2024-25 నుంచి ఆ కోర్సు అధికారికంగా దేశమంతటికీ వచ్చింది. మన చరిత్ర మన పాఠ్యపుస్తకంలో లేదని ఏండ్లకేండ్లు మొత్తుకున్నోళ్లం మనం. ఈ ముచ్చట మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. పుస్తకం మారినంత మాత్రాన సరిపోదు, చెప్పే సారుకూ ఆ చరిత్ర అందాలి. లేకపోతే కొత్త పుస్తకంలోంచి పాత పాఠమే వినబడుతుంది.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. ఎండాకాలం శిక్షణ మనకు కొత్త కాదు. 1961లో ఎన్‌సీఈఆర్‌టీ పుట్టింది. 1963 నుంచి యూజీసీ, ఎన్‌సీఈఆర్‌టీ, అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కలిసి సైన్స్, లెక్కల టీచర్లకు యూనివర్సిటీల్లో సమ్మర్ ఇన్‌స్టిట్యూట్లు నడిపాయి. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ఎగరేసిన తర్వాత అమెరికా తన టీచర్లకు పెద్దఎత్తున నడిపిన నమూనానే ఇక్కడికీ వచ్చింది. హైస్కూలు, కాలేజీ అధ్యాపకులు వారాల తరబడి యూనివర్సిటీ లేబొరేటరీల్లో ప్రయోగాలు చేశారు. అదే కాలంలో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లో ప్రాంతీయ విద్యా కళాశాలలు పెట్టారు. మన దక్షిణాది రాష్ట్రాలు మైసూరు కిందికి వచ్చాయి. 1966లో కొఠారీ కమిషన్ ఏమి చెప్పింది? ప్రతి టీచరుకు ఐదేండ్ల సర్వీసులో కనీసం రెండు మూడు నెలల శిక్షణ అందాలని చెప్పింది. రెండు మూడు నెలలు! 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికి 50 గంటలు అంది. ఆరు గంటల లెక్కన చూసుకుంటే ఎనిమిది రోజులు. కాగితాల మీద మనకు ఎప్పుడూ లోటు లేదు.

కాగితం కింద ఉన్న నేల సంగతి చూడాలి. మన దగ్గర శిక్షణ అంటే మెట్లు మెట్లుగా కిందికి జారే వ్యవహారం. హైదరాబాద్‌లో కొందరికి చెబుతారు. వాళ్లు జిల్లాకు పోయి రిసోర్స్ పర్సన్లకు చెబుతారు. వాళ్లు టీచర్లకు చెబుతారు. పై మెట్టు మీద బిందె నిండా ఉన్న నీళ్లు కింది మెట్టుకు వచ్చేసరికి చెంబెడు మిగులుతాయి. పైన ప్రయోగం చేసి చూపిందాన్ని కింద బోర్డు మీద బొమ్మ గీసి చెబుతారు. 2025 మే నెలలో తెలంగాణలో ప్రభుత్వ టీచర్లకు విడతల వారీగా శిక్షణ పెట్టారు. మంచి ప్రయత్నమే, కాదనం. కానీ మే నెల ఎండలో, ఇరుకు గదిలో, ఐదు రోజుల్లో అన్ని సబ్జెక్టుల సమస్యలూ తీరిపోతాయని ఎవరైనా అనుకుంటే అది భ్రమ. టీచర్లకు శిక్షణ ఇవ్వాల్సిన డైట్ కళాశాలల్లోనే ఏండ్ల తరబడి అధ్యాపక పోస్టులు భర్తీ చేయకపోతే, నేర్పేవాళ్లు ఎక్కడి నుంచి ఊడిపడతారు?

టీచర్ల సంఘాలు ఎండాకాలం శిక్షణకు ఆర్జిత సెలవు అడుగుతాయి. అడిగితే తప్పేమీ కాదు. సెలవుల్లో పనిచేయించుకుంటే దానికి బదులు సెలవు జమచేయాలన్నది వెకేషన్ డిపార్ట్‌మెంటు ఉద్యోగుల నిబంధనే. ఇవ్వాల్సింది ఇయ్యకుండా, సార్లకు శిక్షణ మీద శ్రద్ధ లేదని నిందించే అధికారం సర్కారుకు లేదు. అదేవిధంగా సార్లకూ మేము ఒక మాట చెబుతాం. సెలవు జమ అయిందా, టీఏ డీఏ వచ్చిందా అన్న కాడనే ముచ్చట ఆగిపోవద్దు. ఈ శిక్షణలో మాకు మా సబ్జెక్టు ఎందుకు లేదు, ప్రయోగం ఎందుకు లేదు, నేర్పేటాయన మా తరగతి గది ఎన్నడైనా చూసిండా అని కూడా అడగాలి. జీతం కోసం చేసినంత గట్టిగా చదువు కోసం కూడా ధర్నా చేసిన రోజున తల్లిదండ్రులు తప్పకుండా మీ వెంట నడుస్తారు. ఉద్యమాల కాలంలో నడిచిన జనమే గదా.

మన దగ్గర అడ్వాన్స్‌డ్ క్లాసు లేదనుకోవద్దు. ఉంది, కానీ అది అంగట్లో ఉంది. కార్పొరేట్ బడి ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు పెట్టి లక్షలు వసూలు చేస్తుంది. తన లెక్చరర్లకు తన పద్ధతిలో తర్ఫీదు తానే ఇచ్చుకుంటుంది. అది పరీక్ష కోసం పిల్లల్ని నలిపే తర్ఫీదు, మాకు అందులో ఆదర్శం ఏమీ కనబడదు. కానీ ఒక్క సంగతి ఒప్పుకోవాలి. పై పాఠం కావాలంటే ముందు చెప్పేవాణ్ని తయారుచేయాలని వ్యాపారికి తెలిసింది. సర్కారుకు తెలియలేదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో, గురుకులంలో, మోడల్ స్కూల్లో లెక్కల మీద ఆకలి ఉన్న పిల్లలు లేరా? ప్రతి ఊర్లో ఉన్నారు. తొమ్మిదో తరగతిలో సారును ఒక ప్రశ్న అడిగి, అది సిలబస్‌లో లేదు కూర్చో అన్న జవాబు విని మళ్లీ ఎన్నడూ నోరు తెరవని పిల్లలు ఎంతమందో! ఆ సారు దుర్మార్గుడు కాదు. ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు ఎవరూ నేర్పలేదు.

అమెరికా చేసినట్టు మనం చేయాలని మేము అనడం లేదు. ఒక ప్రైవేటు సంస్థ చేతిలో పరీక్ష, సిలబస్, శిక్షణ మూడూ పెట్టి, పైసలున్న జిల్లాకు ఒక రకం, లేని జిల్లాకు ఇంకో రకం నడిపించే తీరు మనకు వద్దే వద్దు. అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది పని పద్ధతి. సబ్జెక్టు వారీగా వారం రోజులు సారు విద్యార్థిగా కూర్చోవడం, అనుభవమున్న సారే సారుకు నేర్పడం, పిల్లల నిజమైన జవాబు పత్రాలు ముందేసుకుని వాదించుకోవడం, ఆరో తరగతి సారు నుంచి ఇంటర్ లెక్చరర్ దాకా ఒకే బల్ల చుట్టూ చేరడం. వీటికి ఆకాశాన్నంటే ఖర్చు కాదు. యూనివర్సిటీల్లో ఎండాకాలం లేబొరేటరీలు తాళాలు వేసి ఉంటాయి. ఆ తాళాలు తీస్తే చాలు.

అందుకే మేము అడుగుతున్నాం. హైస్కూల్ టీచర్ల ఎండాకాలం శిక్షణ సబ్జెక్టు వారీగా యూనివర్సిటీల్లో జరగాలి. దూరపు జిల్లాల టీచర్లకు బస, ప్రయాణం ఖర్చు సర్కారే భరించాలి. శిక్షణ కాలానికి రావాల్సిన సెలవు అడగకముందే ఖాతాలో జమ కావాలి. డైట్లలో, శిక్షణ కళాశాలల్లో ఖాళీలన్నీ నింపాలి. ఆదిలాబాద్ అడవిలో ఉన్న ఆశ్రమ పాఠశాల సారుకూ, హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న బడి సారుకూ ఒకే నాణ్యమైన శిక్షణ అందాలి. ముందు అందాల్సింది అడవిలో ఉన్న సారుకే, ఎందుకంటే ఆ పిల్లలకు ఆ సారు తప్ప ఇంకో దిక్కు లేదు.

నీళ్లలో వాటా అడిగినం, కొలువుల్లో వాటా అడిగినం. చదువులో వాటా అంటే బడి గోడలు, మధ్యాహ్న భోజనం, ఉచిత పుస్తకాలు మాత్రమే కాదు. పైమెట్టు పాఠంలో కూడా పేదోని పిల్లలకు వాటా ఉంది. ఆ వాటా సారు చేతుల మీదుగానే అందాలి. సారు చేతులు ఖాళీగా ఉంచి పిల్లలను పరీక్షకు పంపడం ఇకనైనా ఆపాలి. వచ్చే ఎండాకాలానికి ఇంకా టైముంది, సర్కారు ఇప్పటి నుంచే లెక్క వేసుకోవాలి. వేసుకునేలా అడగాల్సిన బాధ్యత సార్లది, తల్లిదండ్రులది, విద్యార్థులది, మనందరిది.